విదేశీ ప్రయాణంలో మొబైల్ రోమింగ్: బిల్లు ఎక్కడ మొదలవుతుంది, దానిని ఎలా అదుపులో ఉంచుకోవాలి?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి దోహా మీదుగానో, దుబాయ్ మీదుగానో అమెరికాలోని పిల్లల వద్దకు బయలుదేరే తల్లిదండ్రులు పచ్చళ్ల డబ్బా బరువు మొదలుకొని డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ వరకు ప్రతిదీ రెండుసార్లు సరిచూసుకుంటారు. ఫోన్ విషయంలో మాత్రం 'అమ్మాయి అక్కడ సిమ్ కొనిస్తుందిలే' అన్న ధీమాయే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ కొత్త సిమ్ చేతికి వచ్చేలోగా గడిచే ఒకటి, ఒకటిన్నర రోజులోనే పాత సిమ్‌పై బిల్లు పెరిగిపోయే అవకాశం ఉంది. అందుకోసం ఎవరికీ ఫోన్ చేయనవసరం లేదు. ఫోన్ జేబులో ఉంటే చాలు.

రోమింగ్ బిల్లుల్లో ఇబ్బంది పెట్టేది మనం తెలిసి చేసిన కాల్ కాదు, మనకు తెలియకుండా ఫోన్ చేసుకుపోయే పని. అది ఎలా జరుగుతుందో అర్థమైతే జాగ్రత్తలు సులువుగానే గుర్తుంటాయి.

రోమింగ్ ఎలా పనిచేస్తుంది?

భారతీయ సిమ్ ఉన్న ఫోన్‌ను విదేశంలో ఆన్ చేయగానే అది అందుబాటులో ఉన్న అక్కడి నెట్‌వర్క్‌ను వెతుక్కుంటుంది. ఆ నెట్‌వర్క్‌కూ ఇక్కడి టెలికాం సంస్థకూ ఒప్పందం ఉంటే అనుసంధానం కుదురుతుంది. మనం మాట్లాడిన నిమిషాలు, పంపిన సందేశాలు, వాడిన డేటా వివరాలను అక్కడి నెట్‌వర్క్ నమోదు చేసి ఇక్కడి సంస్థకు పంపుతుంది. ఆ రెండింటి మధ్య ఒక టోకు ధర ఉంటుంది. ఇక్కడి సంస్థ తన చిల్లర ధర ప్రకారం మన ఖాతాలో రాస్తుంది. లెక్కలు రెండు దేశాలు దాటి రావాలి కాబట్టి ఒక్కోసారి ఆలస్యమవుతాయి. 'మీ వాడకం పరిమితికి చేరువైంది' అన్న సందేశం వచ్చేసరికే పరిమితి దాటిపోయి ఉండవచ్చు.

ఇన్‌కమింగ్ కాల్‌కు కూడా రుసుము ఎందుకన్నది చాలామంది అడిగే ప్రశ్న. వరంగల్ నుంచి తమ్ముడు మీ నంబరుకు ఫోన్ చేస్తే, మీరు డల్లాస్‌లో ఉన్న సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. ఆయన దేశీయ కాల్‌కే చెల్లిస్తారు. ఆ కాల్ ముందుగా మీ సంస్థకు చేరి, అక్కడి నుంచి అంతర్జాతీయ మార్గంలో అమెరికాకు వెళ్తుంది. ఆ రెండో భాగం ఖర్చును మీరు భరించాలి.

ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ల మధ్య తేడా కూడా ఇక్కడ ముఖ్యమే. ప్రీపెయిడ్‌లో నష్టం సాధారణంగా ఖాతాలో ఉన్న సొమ్ముతో ఆగుతుంది. పోస్ట్‌పెయిడ్‌లో సంస్థ నిర్ణయించిన క్రెడిట్ పరిమితి ఉంటుంది కానీ, లెక్కలు ఆలస్యంగా చేరితే ఆ గోడ కూడా ఆలస్యంగానే లేస్తుంది.

ప్యాక్ లేకుండా సాధారణ రేటుపై డేటా వాడితే ఏమవుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. 10 కేబీకి 5 రూపాయల చొప్పున అనుకుంటే ఒక ఎంబీకి సుమారు 500 రూపాయలు. కుటుంబ గ్రూపులో వచ్చిన 3 ఎంబీల ఫొటో ఒకటి తెరుచుకుంటే 1,500 రూపాయలు. 10 ఎంబీల చిన్న వీడియోకు 5,000 రూపాయలు. విమానం దిగిన ఆనందంలో తీసిన ఫొటోలను ఫోన్ తనంతట తాను క్లౌడ్‌కు ఎక్కిస్తూ 200 ఎంబీలు వాడేస్తే లక్ష రూపాయలు. అసలు రేట్లు సంస్థను, దేశాన్ని బట్టి మారతాయి. చూడటానికి చిన్నగా ఉండే రేటు ఎంత పెద్ద మొత్తమవుతుందో తెలియడానికే ఈ లెక్క. భారత్‌లో అంతర్జాతీయ రోమింగ్ ధరల నిర్ణయాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలకే వదిలివేసింది. కాబట్టి బయలుదేరే ముందు రేట్ల పట్టిక చదువుకోవాల్సిన బాధ్యత వినియోగదారుడిపైనే పడుతోంది.

మంత్రి పదవి పోగొట్టిన ఐప్యాడ్

ఇది అవగాహన లేనివారికి మాత్రమే ఎదురయ్యే సమస్య అనుకోవడానికి లేదు. 2022 చివర్లో స్కాట్లాండ్ మంత్రి మైకేల్ మ్యాథిసన్ కుటుంబంతో కలిసి మొరాకోకు విహారయాత్రకు వెళ్లారు. పార్లమెంటు ఇచ్చిన ఐప్యాడ్ ఆయన వెంట ఉంది. సెలవులు ముగిశాక దానిపై వచ్చిన రోమింగ్ బిల్లు దాదాపు 11,000 పౌండ్లు. నియోజకవర్గ పనికి వాడానని ఆయన మొదట చెప్పారు. 2023 నవంబరులో విషయం బయటికి పొక్కింది. తన కుమారులు ఆ ఐప్యాడ్‌ను హాట్‌స్పాట్‌గా పెట్టుకుని ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూశారని ఆయన తర్వాత వెల్లడించారు. పార్లమెంటు కొత్త టెలికాం సంస్థకు మారినా ఆయన పరికరంలో పాత సిమ్ అలాగే ఉండిపోయింది. ఆ సొమ్మును ఆయన తిరిగి చెల్లించారు. 2024 ఫిబ్రవరిలో మంత్రి పదవికి రాజీనామా చేశారు. అదే ఏడాది మే నెలలో పార్లమెంటు ఆయనను 27 రోజుల పాటు సస్పెండ్ చేసింది.

రాజకీయాన్ని పక్కనబెడితే, ఇందులో సామాన్య ప్రయాణికుడికి పనికొచ్చే విషయం హాట్‌స్పాట్. టీవీగానీ, ల్యాప్‌టాప్‌గానీ మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిస్తే అది ఇంటి వైఫై అనే భావిస్తుంది. వీడియోను అత్యధిక నాణ్యతతో ప్రసారం చేస్తుంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను దింపుకుంటుంది. మనవడికి హాట్‌స్పాట్ ఇచ్చే ముందు ఏ సిమ్ డేటా వెళ్తోందో చూడటం అవసరం.

రెండు తాళాలు, రెండింటికీ వేర్వేరు తాళంచెవులు

అంతర్జాతీయ రోమింగ్ సేవ, డేటా రోమింగ్ అన్నవి రెండు వేర్వేరు విషయాలు. మొదటిది టెలికాం సంస్థ వద్ద మీ నంబరుకు ఉండే అనుమతి. అది లేకపోతే విదేశంలో కాల్స్ రావు, సందేశాలూ అందవు. రెండోది మీ ఫోన్ సెట్టింగ్స్‌లోని మీట. అది ఆపితే ఇంటర్నెట్ మాత్రమే ఆగుతుంది, కాల్స్, ఎస్ఎంఎస్‌లు యథాతథంగా అందుతాయి. అనేక బిల్లులకు మూలం ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే. 'రోమింగ్ ఆపేశాను' అని చెప్పేవారిని ఏది ఆపారని అడిగితే చాలాసార్లు స్పష్టమైన సమాధానం రాదు.

తిరుగు ప్రయాణం వరకు భారతీయ నంబరు బతికి ఉండాలన్న అవసరం ఇప్పుడు గతంకంటే ఎక్కువ. పింఛను ఖాతా, కార్డు చెల్లింపులు, ఆధార్ ధ్రువీకరణ అన్నీ ఆ నంబరుకు వచ్చే ఓటీపీతో ముడిపడి ఉన్నాయి. భారతీయ సంస్థల కనెక్షన్లకు రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లపై సాధారణంగా రుసుము ఉండదు. కాబట్టి చాలామందికి సరిపోయే ఏర్పాటు ఇది: భారతీయ సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ సేవ అమలులో ఉంచి, దాని డేటా రోమింగ్‌ను పూర్తిగా ఆపివేసి, ఇంటర్నెట్ కోసం స్థానిక సిమ్‌నుగానీ ఈ-సిమ్‌నుగానీ వాడటం.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. రెండు సిమ్‌ల ఫోన్లలో ఒకదానికి సిగ్నల్ బలహీనపడితే డేటాను తనంతట తానే రెండో సిమ్‌కు మార్చే సదుపాయం ఉంటుంది. ఐఫోన్‌లో 'అలౌ సెల్యులార్ డేటా స్విచింగ్' అనీ, ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా ఆటోమేటిక్ స్విచింగ్ అనీ కనిపించే ఈ మీటను ఆపివేయాలి.

బ్యాంకు, యూపీఐ యాప్‌లను విదేశంలో తొలగించి మళ్లీ వేసుకోవడం మంచిది కాదు. నంబరును ధ్రువీకరించుకోవడానికి అవి ఫోన్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపుతాయి. అది రోమింగ్‌లో వెళ్లే అవుట్‌గోయింగ్ సందేశం. ఐఫోన్‌లో సిమ్ మార్చినప్పుడు ఐమెసేజ్ కూడా ఇలాగే ఒక సందేశాన్ని నిశ్శబ్దంగా పంపవచ్చు. ఈ మొత్తాలు చిన్నవే అయినా, బిల్లులో అర్థంకాని పద్దులుగా కనిపించేవి ఇవే.

వాట్సాప్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' విభాగంలో మీడియా ఆటో-డౌన్‌లోడ్ కింద, రోమింగ్‌లో ఉన్నప్పుడు ఏవి దింపుకోవాలో ఎంచుకునే వీలుంది. అక్కడ అన్నిటినీ తీసివేయాలి. రోజూ ఉదయాన్నే గ్రూపుల్లో వచ్చే శుభోదయ చిత్రాలు, భక్తి వీడియోలు ఇంటి దగ్గర ఉచితమే. వెళ్లే నగరం మ్యాప్‌ను గూగుల్ మ్యాప్స్‌లో ముందుగానే దింపుకుంటే డేటా లేకపోయినా దారి కనిపిస్తుంది.

ప్యాక్ కొన్నా బిల్లు ఎందుకు వస్తోంది?

రోమింగ్ ప్యాక్ కొన్నవారికి కూడా అదనపు బిల్లు వస్తుండటం గమనించదగ్గ విషయం. అన్నిటికంటే సాధారణ కారణం మధ్యలో దిగే విమానాశ్రయం. అమెరికా ప్యాక్ అమెరికాలోనే చెల్లుతుంది. దోహాలో నాలుగు గంటలు ఆగినప్పుడు ఫోన్ ఖతార్ నెట్‌వర్క్‌పై ఉంటుంది. ఆ దేశం ప్యాక్ జాబితాలో లేకపోతే అక్కడి వాడకానికి సాధారణ రేటే వర్తిస్తుంది. మధ్య విమానాశ్రయంలో వైఫై మాత్రమే వాడి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచడం మేలు. 'చేరుకున్నాం' అన్న ఒక్క మాట చెప్పడానికి వాట్సాప్ సందేశం సరిపోతుంది.

ప్యాక్‌లో 'ఒక రోజు' అంటే ఏమిటన్నది మరో చిక్కు. కొన్నిటిలో మొదటి వాడకం నుంచి 24 గంటలు. మరికొన్నిటిలో క్యాలెండర్ తేదీ. అదీ భారతీయ కాలమానం ప్రకారమా, అక్కడి కాలమానం ప్రకారమా అన్నది నిబంధనల్లో చూడాలి. అమెరికాలో మధ్యాహ్నం భోజనం వేళకే ఇక్కడ తేదీ మారే సమయం దగ్గరపడుతుంది. ప్యాక్ గడువు ముగిసినప్పుడు సేవ ఆగిపోతుందా, లేక సాధారణ రేటుపై కొనసాగుతుందా అన్నది కొనే ముందే అడగాల్సిన ప్రశ్న. దానికి సమాధానం ఫోన్‌లో వినడం కంటే చాట్‌లోనో, ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. తర్వాత వివాదం వస్తే అది పనికొస్తుంది.

ఉచిత నిమిషాలు సాధారణంగా స్థానిక కాల్స్‌కు, భారత్‌కు చేసే కాల్స్‌కు మాత్రమే ఉంటాయి. లండన్‌లో ఉండి జర్మనీలోని హోటల్‌కు ఫోన్ చేస్తే అది మూడో దేశానికి చేసిన కాల్. కొన్ని ప్యాక్‌లు ఆ దేశంలోని ఎంపిక చేసిన నెట్‌వర్క్‌లపైనే పనిచేస్తాయి. అలాంటప్పుడు ఫోన్‌లో నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌గా వదలకుండా ఆ పేరును స్వయంగా ఎంచుకోవాలి. భారత్‌లోని 1800 నంబర్లు విదేశం నుంచి ఉచితం కావు.

కాల్ ఫార్వర్డింగ్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. 'ఎత్తకపోతే ఇంకో నంబరుకు మళ్లించు' అని ఎప్పుడో పెట్టి ఉంటారు. షికాగోలో మీరు నిద్రలో ఉండగా హైదరాబాద్ నుంచి కాల్ వస్తుంది. అది అమెరికా వరకు వెళ్లి, మోగి, ఎవరూ ఎత్తకపోవడంతో తిరిగి హైదరాబాద్‌లోని మరో నంబరుకు మళ్లుతుంది. మీరు ఒక్క మాటైనా మాట్లాడకుండానే రెండువైపుల అంతర్జాతీయ ప్రయాణానికి రుసుము పడే ప్రమాదం ఉంది. బయలుదేరే ముందే ఫార్వర్డింగ్‌లన్నీ రద్దు చేయాలి. అలాగే అర్ధరాత్రి మోగే 140తో మొదలయ్యే నంబర్లను ఎత్తకూడదు. క్రెడిట్ కార్డు వద్దని చెప్పడానికీ నిమిషం రుసుము కట్టాల్సి వస్తుంది.

ఆకాశంలో, సముద్రంపై

కొన్ని విమానాల్లో, విహార నౌకల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. అది ఉపగ్రహం ద్వారా నేలతో కలుస్తుంది. ఏ దేశానికీ చెందని ఈ నెట్‌వర్క్‌లు చాలా దేశాలవారీ ప్యాక్‌ల్లో ఉండవు. అలాంటప్పుడు వాటికి విడిగా ప్యాక్ కొనాలి. వాటి రేట్లు నేలపై రోమింగ్ కంటే ఎంతో ఎక్కువ. విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు వెళ్లే నౌకా విహారం దేశంలోని ప్రయాణమే కదా అనిపించవచ్చు. కానీ తీరం టవర్లు అందనంత దూరం వెళ్లాక ఫోన్‌కు దొరికేది ఓడలోని నెట్‌వర్క్ ఒక్కటే. ఓడ ఎక్కినప్పటి నుంచి దిగేవరకు ఏరోప్లేన్ మోడ్‌ను కొనసాగించి, అవసరమైతే ఓడలోని వైఫైను కొనుక్కోవడం సురక్షితం.

సరిహద్దు దాటకుండానే విదేశం

రామేశ్వరం వెళ్లి ధనుష్కోడి చివరన అరిచల్‌మునై వద్ద నిలబడిన తెలుగు యాత్రికులకు 'శ్రీలంకకు స్వాగతం' అంటూ సందేశం రావడం కొత్తేమీ కాదు. అవతలి తీరంలోని తలైమన్నార్ అక్కడికి 30 కిలోమీటర్ల లోపే. సముద్రంపై అడ్డు లేకపోవడంతో అక్కడి సిగ్నల్ ఇక్కడ బలంగా అందుతుంది. రెండు దేశాల కాలమానం ఒకటే కావడంతో ఫోన్ గడియారం చూసి పసిగట్టే వీలు కూడా లేదు. నేపాల్ సరిహద్దులో ఆ సూచన దొరుకుతుంది. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు దూకితే ఫోన్ అవతలి నెట్‌వర్క్‌కు మారినట్టే.

కాశీ, గయ యాత్ర ముగించుకొని బస్సులో పశుపతినాథుని దర్శనానికి ఖాట్మండు వెళ్లేవారు దీన్ని దృష్టిలో ఉంచుకోవాలి. నేపాల్‌కు వీసా అవసరం లేనంతమాత్రాన ఫోన్‌కూ సరిహద్దు లేదని కాదు. అంతర్జాతీయ రోమింగ్ సేవ అమలులో లేని నంబరుకు ఇలాంటి చోట్ల భయం లేదు, సిగ్నల్ పోతుందంతే. కిందటి ప్రయాణానికి సేవను ఆన్ చేయించి మరిచిపోయినవారే జాగ్రత్తపడాలి. సరిహద్దు ప్రాంతంలో ఉన్నంతసేపు సెట్టింగ్స్‌లో భారతీయ నెట్‌వర్క్‌ను స్వయంగా ఎంచుకుంటే సరిపోతుంది.

స్థానిక సిమ్, ఈ-సిమ్ తీసుకునేవారికి

పది రోజులు దాటిన ప్రయాణానికి స్థానిక సిమ్ సాధారణంగా చవక. ఈ-సిమ్ అయితే సిమ్ ట్రేను తెరిచే పని లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అమర్చుకోవడానికి ఇంటర్నెట్ కావాలి కాబట్టి ఇంటి వైఫై మీదే ఆ పని ముగించి, చేరాక ఆన్ చేయాలి. ప్రయాణికుల ఈ-సిమ్‌లలో చాలావాటికి డేటా మాత్రమే ఉంటుంది, ఫోన్ నంబరు ఉండదు. విదేశీ సిమ్‌లను భారత్‌లో విక్రయించడానికి టెలికాం శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. అది లేదన్న కారణంతోనే 2024 జనవరిలో ఐరాలో, హోలాఫ్లై యాప్‌లను ఇక్కడి యాప్ స్టోర్ల నుంచి తొలగించారు. అనుమతి ఉన్న విక్రేత వద్దే కొనాలి.

అమెరికా నుంచి పిల్లలు పంపిన ఫోన్ వాడుతున్నవారు మరొకటి పరిశీలించాలి. అక్కడ వాయిదాలపై కొన్న ఫోన్లు ఒకే సంస్థకు లాక్ అయి ఉండవచ్చు. లాక్ ఉన్న ఫోన్‌లో వేరే సంస్థ సిమ్ పనిచేయదు.

గల్ఫ్‌కు మొదటిసారి వెళ్తున్న జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల కార్మికుల పరిస్థితి వేరు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి. వైఫై దొరికినా కాల్ కలవకపోవడంతో ఇంటికి చేరిన కబురు చెప్పడానికి భారతీయ సిమ్ నుంచే మామూలు కాల్ చేస్తారు. స్థానిక సిమ్ వచ్చేవరకు వాయిస్ మెసేజ్ పంపుకోవడం ఖర్చులేని దారి. 'వాట్సాప్‌లో కాల్ కలవదు, సందేశం పెడతా' అని ఇంట్లోవారికి ముందే చెప్పి వెళ్లాలి.

ఐరోపాలో చదువుకుంటున్న విద్యార్థులకు అక్కడి సిమ్‌తో కొంత రక్షణ ఉంది. 2017 జూన్ 15 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల మధ్య అదనపు రోమింగ్ రుసుములు రద్దయ్యాయి. డేటా రోమింగ్ బిల్లు పన్ను కాకుండా 50 యూరోలకు చేరితే, వినియోగదారుడు ఒప్పుకోకుండా సేవ కొనసాగించకూడదన్న నిబంధన కూడా ఉంది. అయితే స్విట్జర్లాండ్ ఆ సమాఖ్యలో లేదు. జర్మనీ నుంచి రైలెక్కి జ్యూరిక్ చూసి రావాలనుకునేవారు తమ ప్లాన్‌లో ఆ దేశం ఉందో లేదో చూసుకోవాలి.

బిల్లు వచ్చాక

వచ్చిన బిల్లు తప్పనిపిస్తే వెంటనే సంస్థ ఫిర్యాదు కేంద్రానికి తెలిపి డాకెట్ నంబరు తీసుకోవాలి. తేదీ, సమయం, దేశం, డేటా పరిమాణంతో కూడిన వివరణాత్మక బిల్లు కోరాలి. ఫోన్‌లో 'డేటా యూసేజ్' కింద రోమింగ్ వాడకం కనిపించే తెరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి. ప్యాక్ కొన్నప్పటి సందేశాన్ని తొలగించకూడదు. పరిష్కారం దొరకకపోయినా, దొరికింది సంతృప్తికరంగా లేకపోయినా 30 రోజుల్లోగా అదే సంస్థలోని అప్పీలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. దీనికి రుసుము లేదు. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా విచారించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే దారి తెరిచే ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపుంటే ఫిర్యాదు రుసుము ఉండదు. వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి తిరిగి వచ్చేవారికి ఆ గడువులో కొంత భాగం విదేశంలోనే గడిచిపోతుంది. అందువల్ల నెలవారీ బిల్లు ఈమెయిల్‌కు వచ్చేలా ఏర్పాటు చేసుకుని, అక్కడ ఉండగానే మొదటి నెల బిల్లును తెరిచి చూడటం అవసరం.